నాలుగో అధ్యాయానికో తగాదా

ఆ రోజు ఉదయం రామనాథం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఎనిమిదింటికి ఈరయ్యను ఒక ప్రశ్న అడగాలి. పదింటికి కాశయ్యను అదే ప్రశ్న అడగాలి. మధ్యాహ్నం బస్సుకు అంకిస నుంచి సిరోంచకు, అక్కడి నుంచి చంద్రపూర్‌కు బయల్దేరాలి. అది పంతొమ్మిది వందల ఎనభై నాలుగు, జూన్ మొదటి వారం. మృగశిర కార్తె, అంటే జనం నోట మిరుగం, ఇంకా ఆరు రోజులుంది. ఆ ఆరు రోజులూ అంకిసలోనే ఇరుక్కుపోతానని తెలిసి ఉంటే, రామనాథం ఆ ప్రశ్న అడగకుండానే బస్సెక్కేవాడు.

రామనాథం చంద్రపూర్ కిరాణా వ్యాపారుల ఇంటి అబ్బాయి. దుకాణంలో కూర్చోరా అంటే వినకుండా నాగపూర్ వెళ్లి పరిశోధనలో కూర్చున్నాడు. ఒకే ఊళ్లో ఉన్న రెండు సంఘాలు ఒకదానితో ఒకటి ఎట్లా మసలుకుంటాయన్నది అతని విషయం. ఇందులో అంకెలూ పట్టికలూ ఉండవు. మనుషుల్ని మాట్లాడించాలి, పక్కన కూర్చుని చూడాలి, విన్నది విన్నట్టు రాసుకోవాలి. అతని గైడు పంపేటప్పుడు ఒకటికి మూడుసార్లు ఒకే మాట చెప్పాడు. చూడు, విను, రాసుకో, వేలు మాత్రం పెట్టకు అని.

అంకిసలో అతనికి దొరికినవి రెండు సంఘాలు. ఒకటి రైతులది, దానికి పెద్ద కాశయ్య. ఇంకొకటి చేపలు పట్టేవాళ్లది, దానికి పెద్ద ఈరయ్య. బస్సు ఆగే చోట ఒక పొడుగాటి పెంకుటిల్లు, దానికి పక్కపక్కనే రెండు గదులు. ఒక గదిలో రైతుల విత్తనం వడ్లు ఉంటాయి, రెండో దాంట్లో చేపల సంఘం పెద్ద వలలు ఉంటాయి. ఇంతవరకు వింతేమీ లేదు. వింత ఏమిటంటే, వడ్ల గది తాళంచెవి ఈరయ్య ఇంట్లో మేకుకు వేలాడుతుంది, వలల గది తాళంచెవి కాశయ్య ఇంట్లో ఉప్పు జాడీ వెనక ఉంటుంది. ఇరవై ఏళ్లుగా ఇదే ఏర్పాటు. ఎవరికి గది తెరవాలన్నా రెండోవాడు వచ్చి తీసి, పని అయ్యేదాకా గడప మీద కూర్చుని బీడీ కాల్చుకుని, మళ్లీ తాళం వేసుకుని పోతాడు. దీనికి కాగితం లేదు, తీర్మానం లేదు, సంతకం లేదు.

ఎందుకిట్లా అని అడిగితే ఈరయ్య చాలా సులువుగా చెప్పాడు. "మా బామ్మర్ది వచ్చి, బావా, జర వల ఇయ్యి, పొద్దుగూకే వరకు తెచ్చిస్త అంటడు సార్. కాదంటె నాకు ఇంట్ల అన్నం పుడ్తదా? అదే తాళంచెవి కాశన్న కాడ ఉన్నదనుకోన్రి, పోయి ఆయన్ని అడుగు అంట. కాశన్నను ఏమని అడుగుతడు? ఇగ ఆడికే ఖతం." కాశయ్యకు బావమరుదులు లేరు గాని, విత్తనం ముందుగా అడిగే అన్నదమ్ములు పదకొండు మంది ఉన్నారు. ఆయన చెప్పిన కారణమూ అదే.

రామనాథానికి ఒళ్లు పులకరించింది. దీని మీదే మూడు అధ్యాయాలు రాసి గైడుకు పంపాడు. గైడు మెచ్చుకుని, చివర్లో ఒక ముల్లు గుచ్చాడు. నాలుగో అధ్యాయం తగాదాల మీద ఉండాలి, రెండు సంఘాలన్నాక తగాదా లేకుండా ఉండదు, లేదన్నారంటే నువ్వు సరిగ్గా అడగలేదన్నమాట, తగాదా లేకుండా తిరిగి రావద్దు అని రాశాడు. రామనాథం ఆ ఉదయం అడగాలనుకున్న ప్రశ్న అదే.

ఈరయ్య ఇంటి వాకిట్లో మంచం మీద కూర్చుని, టేప్‌రికార్డర్ మీట నొక్కి, రామనాథం ప్రశ్న అడిగాడు. "ఈరయ్య గారూ, మీ సంఘానికీ కాశయ్య గారి సంఘానికీ మధ్య ఎప్పుడైనా తగాదా వచ్చిందా?"

ఈరయ్యను పుట్టి బుద్ధెరిగాక గారూ అని పిలిచినవాడు రామనాథం ఒక్కడే. ఆ మర్యాదకు తగ్గట్టు ఏదైనా ఇద్దామని ఆయన చాలాసేపు ఆలోచించాడు. పాపం, ఏమీ దొరకలేదు. లేదు సార్ అన్నాడు.

పరిశోధన పద్ధతుల పుస్తకంలో దీనికి ఒక మందు రాసి ఉంది. ఎదుటివాడు లేదన్నప్పుడు వెంటనే ఇంకో ప్రశ్న వేయకూడదు, కలం పట్టుకుని మౌనంగా కూర్చోవాలి, ఆ మౌనం భరించలేక వాడే నిజం చెబుతాడు అని. ఆ పుస్తకం రాసినాయన అంకిసకు ఎన్నడూ రాలేదని నేను ఒట్టేసి చెప్పగలను. అంకిసలో ఇంటికొచ్చిన మనిషి అడిగింది దొరక్క మాటా పలుకూ లేకుండా కూర్చుంటే, దాన్ని పద్ధతి అనరు, చిన్నబోవడం అంటారు. రామనాథం మనసులో నూరు లెక్కపెట్టే లోపు ఈరయ్యకూ, గడపలో నిలబడ్డ ఆయన భార్య దేవక్కకూ అతని మీద జాలి పుట్టింది. అంతలో రామనాథం కలం కారి చేతులు నల్లబడ్డాయి. కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాడు. రికార్డర్ మంచం మీద తిరుగుతూనే ఉంది.

"ఏం జేద్దమే?" అన్నాడు ఈరయ్య. "మనకు కాశన్నతోని ఎన్నడు లొల్లి కాలె. పిలగాడు నాగపూర్ నుంచి ఈడిదాక వచ్చిండు. ఉత్త చేతులతోని ఎట్ల పంపుడు?"

"ఏదన్న ఒకటి పుట్టియ్యరాదా?" అంది దేవక్క. "ఆ వరద నాటి ముచ్చట తిప్పి చెప్పు. కాశన్నకు తెలుస్తె నవ్వుకుంటడు."

రామనాథం చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి తగాదా తయారుగా ఉంది. గోదావరి పొంగిన ఏడు, వలలు తీయాల్సిన రోజున కాశయ్య తాళంచెవి సగం పొద్దు ఆలస్యంగా తెచ్చాడనీ, తమ వాళ్లంతా ఒడ్డున చేతులు ముడుచుకు కూర్చున్నారనీ, తనకు బాగా కోపం వచ్చిందనీ ఈరయ్య చెప్పాడు. ఎంత కోపం వచ్చిందని రామనాథం ఆత్రంగా అడిగాడు. "మీరెంత రాసుకుంటె అంత వచ్చింది సార్," అన్నాడు ఈరయ్య. నిజానికి ఆ ఏడు కాశయ్య నడుం లోతు నీళ్లలో నడిచొచ్చి మరీ తాళంచెవి ఇచ్చాడు. తగాదాలు నిల్వ లేని మనిషి, దగ్గర్లో ఉన్న జ్ఞాపకాన్నే తిరగేసి వడ్డించాడు.

పదింటికి కాశయ్య ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. ప్రశ్న, లేదు సార్, మౌనం. రామనాథం రికార్డర్‌ను ఆపకుండానే మంచినీళ్ల కోసం వెనక్కి వెళ్లగానే కాశయ్యా, ఆయన భార్య కమలాబాయీ తలలు దగ్గరపెట్టుకున్నారు. తిరిగొచ్చేసరికి కాశయ్య దగ్గర ఇంకా మంచి తగాదా ఉంది. చేపల సంఘం వాళ్లు ఒకసారి రైతుల టార్పాలిన్ తీసుకెళ్లి తిరిగిచ్చారు, దాని మీద వడ్లు ఎండబోస్తే బియ్యమంతా నీచు వాసన. "మా ఇంట్ల పెండ్లికి ఆ బియ్యమే వండినం. తినెటోళ్లందరు చేప ముక్క యాడున్నదని విస్తట్ల దేవులాడిన్రు," అన్నాడు. చెబుతుంటే ఆయనకే రుచి పుట్టి పెళ్లివారి సంఖ్యను రెండుసార్లు పెంచాడు. నిజంలో ఈరయ్య ఆ టార్పాలిన్‌ను గోదావరిలో మూడుసార్లు ఉతికి, ఎండబెట్టి, మడతపెట్టి, తలమీద మోసుకొచ్చి ఇచ్చాడు.

ఇక్కడితో రామనాథం బస్సెక్కి ఉంటే కథ లేదు. కానీ పుస్తకంలో ఇంకో పేజీ ఉంది. ఒకరు చెప్పింది రెండోవారి దగ్గర సరిచూసుకోవాలి, అయితే పేర్లు బయట పెట్టకూడదు.

"కాశయ్య గారూ, వరదప్పుడు తాళంచెవి సగం రోజు ఆలస్యంగా వచ్చిందని ఒక సంఘం వాళ్లు అంటున్నారు. దీనిమీద మీ అభిప్రాయం?"

కాశయ్య ముఖం మారింది. "ఎవలన్నరు సార్?"

"పేరు చెప్పకూడదండీ. సంఘం 'అ' అనుకోండి."

"ఊళ్లె ఉన్నయే రెండు సంఘాలు," అన్నాడు కాశయ్య నెమ్మదిగా. "నేనైతె అనలె."

మధ్యాహ్నం ఈరయ్య దగ్గర టార్పాలిన్ సంగతి సరిచూసుకున్నాడు. అక్కడ సంఘం 'ఆ' అన్నాడు. ఈరయ్య చాలాసేపు మాట్లాడలేదు. ఈసారి మౌనం పుస్తకంలోది కాదు, అసలుదే. రామనాథానికి తేడా తెలియలేదు. బస్సు పోయినా పరవాలేదనుకుని, ఇంకో రెండు రోజులు ఉందామని నిశ్చయించుకున్నాడు.

మీరడగొచ్చు, ఇద్దరూ అబద్ధాలే చెప్పారు కదా, ఇక కోపమెందుకని. అక్కడే ఉంది తిరకాసు. తను చెప్పింది ఉత్తుత్తిదని ఎవరికి వాళ్లకు తెలుసు. అవతలివాడు చెప్పింది మాత్రం కడుపులో నుంచి వచ్చిందని ఇద్దరూ నమ్మారు. నడుం లోతు నీళ్లలో నడిచినందుకు నాకు దక్కిన పేరు ఇదా అని కాశయ్యకు కళ్ల నీళ్లొచ్చినంత పనైంది. మూడుసార్లు ఉతికిన నా రెక్కల కష్టం నీచు వాసనా అని ఈరయ్యకు అన్నం సయించలేదు. మర్నాడు పొద్దున బస్సు దగ్గరి హోటల్లో ఇద్దరూ చెరో బల్ల మీద కూర్చుని చాయ్ తాగారు. ఇరవై ఏళ్లలో అది మొదటిసారి. రామనాథం మూలన కూర్చుని టైం వేసి మరీ రాసుకున్నాడు. ఎవరైనా ఒకరు లేచి అవతలి బల్ల దగ్గరికి పోయేవాళ్లేమో గాని, ఒకడు కలం పట్టుకుని చూస్తుంటే ముందుగా తగ్గడానికి ఎవరికి మనసొప్పుతుంది.

రామనాథం బసేమో బడి వరండాలో. ఏ సంఘం వైపూ మొగ్గకూడదని పగటి భోజనం కాశయ్య ఇంట్లో, రాత్రిది ఈరయ్య ఇంట్లో తినేవాడు. ఆ రెండిళ్లలోనూ ఇప్పుడు వడ్డన పెరిగింది. ఇంకో రెండు గరిటెలు వేస్తే అవతలివాళ్లు ఏమన్నారో చెబుతాడేమోనని ఆడవాళ్ల ఆశ. చెప్పకూడదండీ అంటూ తినేవాడు. దేవక్క కమలాబాయికి పంపే ఎండు చేపలు ఆగిపోయాయి. చేపలు తినని ఇంటికి ఆమె అవి ఎందుకు పంపేదంటే, కమలాబాయి వాటిని తన పాలేరుకు పెట్టేది గనక. కమలాబాయి పంపే మామిడికాయ తొక్కూ ఆగిపోయింది. రామనాథం నోట్‌బుక్ నిండిపోయి రెండోది కొన్నాడు.

నాలుగో రోజు పొద్దున కాశయ్య బడి వరండాకు వచ్చాడు. వచ్చి వలల గది తాళంచెవి రామనాథం చేతిలో పెట్టాడు. "ఇది నా ఇంట్ల ఉంటె నాకు తిన్నది అరగుతలేదు. నేనే పోయి ఇద్దమంటె తల వంచినట్టయితది. ఆయన వచ్చి సగం పొద్దు అన్న మాట తప్పు అని ఒప్పుకుంటె అప్పుడియ్యి. అందాక ఎవలకు చెప్పకు, నీ మీద ఒట్టు." తెలిసిన సంగతిని గుట్టుగా ఉంచడం పరిశోధకుడి మొదటి ధర్మం. రామనాథం ఒట్టేశాడు. అదే సాయంత్రం ఈరయ్య వచ్చి వడ్ల గది తాళంచెవి ఇచ్చాడు. కారణం దాదాపు అదే, ఒట్టూ అదే. మొదటి తాళంచెవి చొక్కా జేబులో ఉంది గనక రెండోది ప్యాంటు జేబులో వేసుకున్నాడు.

అప్పుడు మొదటిసారి రామనాథానికి చెమటలు పట్టాయి. మిరుగం రోజున ఆ చుట్టుపక్కల ఊళ్లలో చేప తినని ఇల్లు అరుదు. చేపల సంఘానికి ఏడాదికంతటికీ అదే పెద్ద రోజు, దానికి ముందురోజే పెద్ద వలలు నీళ్లలో పడాలి. రైతులకూ అంతే. మిరుగం చినుకు పడిందంటే విత్తనం చేతిలో ఉండాలి. ఆ వలలూ ఆ విత్తనమూ ఇప్పుడు అతని జేబుల్లో ఉన్నాయి. బస్సెక్కి సిరోంచ పోస్టాఫీసుకు పోయి, రెండు తాళంచెవులూ నా దగ్గరే ఉన్నాయి, ఏం చేయమంటారని గైడుకు తంతి కొట్టాడు. మర్నాడు జవాబు వచ్చింది. చాలా మంచి సమాచారం, చూస్తూ ఉండు, వేలు పెట్టకు అని ఉంది అందులో.

ఆరో రోజు పొద్దున గోదావరి మీద నల్లటి మబ్బు లేచింది. పెంకుటింటి ముందు ఒకవైపు గోనె సంచులతో రైతులు, ఇంకోవైపు తెడ్లతో చేపలు పట్టేవాళ్లు. రైతులు తమ పెద్దను గది తెరిపించమన్నారు. తాళంచెవి ఈరయ్య దగ్గర ఉంది, ఆయన్నే అడగండని కాశయ్య అన్నాడు. చేపలవాళ్లు తమ పెద్దను అడిగితే, కాశయ్యను అడగండని ఈరయ్య అన్నాడు. రెండు గుంపులూ అటూ ఇటూ మారి అడిగితే, నా దగ్గర లేదు అని ఇద్దరూ ఒకేసారి అన్నారు. ఇద్దరూ నిజమే చెప్పారు, ఒక్కరూ నమ్మలేదు.

"ఇరవై ఏండ్లల్ల తాళంచెవి లేదన్న మాట నీ నోట రాలె కాశన్నా," అన్నాడు ఈరయ్య.

"నాకు సగం పొద్దు ఆలస్యం చేసే అలవాటున్నది గదా," అన్నాడు కాశయ్య.

"నా వలలు బయటికొస్తె ఊరంత నీచు వాసనైతదని దాచినవా?"

రైతుల్లో లస్మయ్య అనే ఆయన గడ్డపార పట్టుకొచ్చాడు. ఒక్క దెబ్బ చాలు, పాత తాళమే. అయినా ఎవరి చెయ్యీ లేవలేదు. ఇరవై ఏళ్లుగా అవతలివాడి తాళంచెవితో తప్ప తెరుచుకోని తాళం అది. దాన్ని పగలగొడితే మళ్లీ అట్లాంటి తాళం వేసుకోవడం ఆ ఊళ్లో ఎవరి తరమూ కాదని అందరికీ తెలుసు. లస్మయ్య గడ్డపార మోస్తూ కాశయ్య ముఖం చూశాడు. కాశయ్య ఈరయ్య ముఖం చూశాడు. రామనాథం అలవాటు చొప్పున, లస్మయ్య గడ్డపార తెచ్చాడు అని రాసుకున్నాడు. ఆ అక్షరాల మీద పెద్ద చినుకొకటి పడి సిరా పాకింది.

అప్పుడు దేవక్క గుంపును తోసుకుంటూ వచ్చి అతని ముందు నిలబడింది. "బిడ్డా, ఎవలేమన్నరో ఆ డబ్బల ఉన్నది గద. వినిపియ్యి."

"చెప్పకూడదమ్మా. నియమం ఉంది."

"నువ్వు చెప్పకు. మా మాట మాకు డబ్బ చెప్తది."

దీనికి పుస్తకంలో జవాబు లేదు. రామనాథం రికార్డర్‌ను గడప మీద పెట్టి, టేపు వెనక్కి తిప్పి, మీట నొక్కాడు. సెల్లు అయిపోవచ్చాయి. మొన్ననే కమలాబాయి వాటిని ఎండలో పెట్టి కాస్త ప్రాణం పోసింది గాని, ఈరయ్య గొంతు నిద్రలో మాట్లాడుతున్నట్టు సాగుతూ వచ్చింది. లేదు సార్. తర్వాత పొడుగాటి మౌనం. పెరట్లో చెంబు చప్పుడు. ఆ తర్వాత, రామనాథం కూడా అంతవరకు వినని మాట. మనకు కాశన్నతోని ఎన్నడు లొల్లి కాలె. ఉత్త చేతులతోని ఎట్ల పంపుడు. దేవక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

టేపు ముందుకు నడిచింది. ఈసారి కమలాబాయి గొంతు. "ఏదన్న చెప్పున్రి. పాపం, పోరని మొకం చూడున్రి ఎట్లయిందో." దానికి కాశయ్య గొంతు సాగుతూ జవాబు చెప్పింది. "ఏం చెప్పనే? ఈరన్న ఏమన్న లొల్లి పెట్టుకునే మనిషా? ఈ ఊళ్లె నా ఇంటి తాళమైన కండ్లు మూసుకోని ఇచ్చేది ఆయనకొక్కనికే." అక్కడ సెల్లు పూర్తిగా చచ్చిపోయాయి.

ఇరవై ఏళ్లలో ఆ ఇద్దరూ ఒకరికొకరు మంచి మాట చెప్పుకోలేదు, చెప్పుకోవాల్సిన అవసరం ఎప్పుడూ పడలేదు. ఇప్పుడు ఊరంతటి ముందు విని, ఎక్కడ చూడాలో తెలియక ఇద్దరూ నేల చూశారు. ఈరయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. వాన చినుకు అనుకోవడానికి వీల్లేదు, ఆయన చూరు కింద ఉన్నాడు.

"ఏ ఆలస్యం కాశన్నా, నడుం లోతు నీళ్లల్ల వచ్చినవు," అన్నాడు.

"మూడు సార్లు ఉతికినవు. నాకు యాది లేదా?" అన్నాడు కాశయ్య. "ఇగ వడ్ల గది తియ్యి."

"నా కాడ లేదు. సార్‌కిచ్చిన."

"నేను గూడ సార్‌కే ఇచ్చిన."

ఊరు మొత్తం రామనాథం వైపు తిరిగింది. లస్మయ్య చేతిలో గడ్డపార ఇంకా ఉంది. రామనాథం చొక్కా జేబులో నుంచి ఒకటి, ప్యాంటు జేబులో నుంచి ఒకటి తీసి అరచేతిలో పెట్టాడు. కాశయ్య వలల గది తీశాడు, ఈరయ్య వడ్ల గది తీశాడు. ఇద్దరూ ఎప్పటిలాగే గడపల మీద కూర్చుని బీడీలు ముట్టించారు. వలలు గోదావరి వైపూ, సంచులు ఇళ్ల వైపూ పోయాయి. వాన అందుకుంది.

తనను తంతారేమోనని రామనాథం రికార్డర్‌ను కడుపుకు హత్తుకుని బస్సు కోసం చూస్తున్నాడు. కానీ ఈరయ్యకు వేరే దిగులు పట్టుకుంది. అబద్ధం లొల్లి తేలిపోయింది, ఇక సార్ నాలుగో అధ్యాయం ఎట్లా అని పక్క గడపను అడిగాడు.

"అబద్ధమెట్లయితది?" అన్నాడు కాశయ్య. "మొదటిది అబద్ధం. ఈ ఆరు రోజుల లొల్లి అసలుదే గద. రాసుకో సార్, మేమిద్దరం సంతకం పెడ్తం."

పెట్టారు. ఆ రెండు సంఘాలూ కలిసి సంతకం పెట్టిన కాగితం ఇరవై ఏళ్లలో అదొక్కటే. ఎన్ని తగాదాలు వచ్చాయన్న చోట ఒకటి అని రాయించారు. ఎన్ని రోజులు సాగిందన్న చోట ఆరు అన్నారు. ఎవరివల్ల వచ్చిందన్న చోట ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, కాసేపు మొహమాటపడి, మెల్లగా ఒక పేరు చెప్పారు. రామనాథం విన్నది విన్నట్టు రాసుకున్నాడు.

మరుసటి ఏడు గైడు నాలుగో అధ్యాయాన్నే అన్నిటికన్నా ఎక్కువగా మెచ్చుకున్నాడు. అందులో సంఘం 'అ' ఉంది, సంఘం 'ఆ' ఉంది. పేర్లు బయట పెట్టకూడదన్న నియమం ఉంది గనక, తగాదాకు కారకుణ్ణి రామనాథం వ్యక్తి 'ఇ' అన్నాడు.